పిడికెడు బియ్యం జీతం

కొత్త సేవకుల్ని లేపాలి అని మన చర్చిల్లో ప్రతి ఏడూ వింటాం. కన్వెన్షన్ సభల ఆఖరి రాత్రి ఈ మాట తప్పకుండా వస్తుంది. కోతకొచ్చిన చేను గురించీ, పనివాళ్ల కొరత గురించీ ప్రసంగం సాగుతుంది. పేటల నుంచి వచ్చిన కుర్రాళ్లు, ఆడపిల్లలు ఏడుస్తూ లేచి ముందుకి నడుస్తారు. వాళ్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత ఏం జరుగుతుంది? ఆ పిల్లలకి ఎవరు చదువు చెప్తారు, ఏం చెప్తారు, ఎవరు కూడు పెడతారు, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ముసలితనంలో వాళ్లు ఎక్కడ తలదాచుకుంటారు? ఆ వేదిక మీద ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. చేలో కూలికి వెళ్లినవాళ్లకి తెలుసు, కూలి మాట్లాడకుండా పనికి పిలిచేవాడు ఎవడో.

నేను గాజువాక వైపు ఒక సర్కారు బడిలో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా తాత విశాఖ పోర్టులో కలాసీ, మాంగనీసు తట్టలు మోసిన మెడ ఆయనది. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. మా అమ్మమ్మ బైబిల్ ఉమన్. ఈ ముగ్గురిలో ఎవరి పని ఎక్కువ గంటలు అని అడిగితే అమ్మమ్మదే అంటాను. ఎవరి పనికి లెక్క లేదు అని అడిగినా అమ్మమ్మదే. అందుకే సేవకుల తర్ఫీదు, సేవకుల పోషణ అనే విషయం నాకు వేదాంత చర్చ కాదు, మా ఇంటి లెక్క.

ముందు చరిత్ర చూద్దాం. తెలుగు నేలమీద ప్రొటెస్టెంటు సువార్త పనికి మా విశాఖపట్నం పాత కేంద్రం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఇక్కడ దిగారు. బైబిలుని తెలుగు చెయ్యడానికి కూచున్నారు. వాళ్లకి సాయం చేసినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డెస్‌గ్రాంజెస్ పోయాడు. వాళ్లు మొదలెట్టిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. పుస్తకం తయారైంది గానీ దాన్ని చంకన పెట్టుకుని మాలపేటకి, రెల్లివీధికి నడిచే మనిషి తయారు కాలేదు. అందుకే విశాఖలో చాలా ఏళ్లు సంఘం చిన్నదిగానే ఉండిపోయింది.

ఇప్పుడు ఒంగోలు చూడండి. 1866లో జాన్ క్లౌ దొర అక్కడికి చేరాడు. అదే ఏడు యెర్రగుంట్ల పేరయ్య బాప్తీసం తీసుకున్నాడు. పేరయ్య మాదిగ, తోళ్ల బేరం చేసేవాడు. బేరం మీద ఊళ్లూళ్లూ తిరిగిన కాళ్లు అవి. ఏ ఊళ్లో ఏ మాదిగింటికి ఏ చుట్టరికం ఉందో ఆయనకి తెలుసు. అంతకుముందే రాజయోగం చెప్పే గురువుల దగ్గర కూచుని నేర్చుకున్నవాడు, కాబట్టి దేవుడి సంగతి మాట్లాడ్డం ఆయనకి కొత్త కాదు. దొర వచ్చి పేరయ్యని తయారు చేశాడని చర్చి చరిత్రలు రాస్తాయి. నాకైతే పేరయ్య సగం తయారై ఉండగా దొర వచ్చాడనిపిస్తుంది. 1876-78 నాటి పెద్ద కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత మేర పనిని క్లౌ కాంట్రాక్టుకి తీసుకున్నాడు. సంఘంలోని బోధకులే అక్కడ మేస్త్రీలు. పగలు మట్టి లెక్క చూసేవారు, పని ఆగినప్పుడు కూలీల మధ్య కూచుని మాట్లాడేవారు. తట్ట ఎత్తేవాడి పక్కన కూచుని చెప్పిన సువార్త అది. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తీసం పొందారు. ఈ అంకె ప్రతి చర్చి చరిత్రలోనూ ఉంటుంది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తీసాలు ఇచ్చింది దొర కాదు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకున్న ఆరుగురు దేశీయ బోధకులు. అంకె అందరికీ నోటికొచ్చు. ఆ ఆరుగురి పేర్లు మన సండేస్కూలు పిల్లలకి ఎవరైనా నేర్పారా?

క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మాదిగల నోటి నుంచి విన్న కథల్ని 1899లో ఒక ఇంగ్లీషు పుస్తకంగా వేసింది. దాని పేరుకి తెలుగు చెప్పాలంటే 'చెప్పులు కుడుతూ' అనాలి. ఆమె శ్రద్ధగా విన్నది, అందుకు గౌరవం ఉంది. అయినా చెప్పినవాళ్లు మాదిగలు, రాసిన చెయ్యి దొరసానిది. మనవాళ్లు సువార్త పనిలోకి వచ్చిన తొలి రోజుల్ని ఈనాటికీ ఇలా అవతలివాళ్ల పుస్తకాల్లోంచి ఏరుకోవాల్సి వస్తోంది. పనివాళ్ల తర్ఫీదులో మొదటి లోటు ఇది. ఆ పని తనకంటే ముందు తన జాతివాళ్లే చేశారని కొత్త సేవకుడికి తెలీదు. దొరలు నాటారనీ, తను నీళ్లు పోస్తున్నాననీ అనుకుంటాడు.

తర్ఫీదు బడులు వచ్చాయి. 1872లో రామాయపట్నంలో అమెరికా బాప్టిస్టులు సెమినరీ పెట్టారు. 1882లో సామర్లకోటలో కెనడా బాప్టిస్టులు పెట్టారు. మాల మాదిగ కుర్రాళ్లు ఈ బడుల్లో అక్షరాలు దిద్దారు. ఊరి బడి అరుగు ఎక్కనివ్వని కాలంలో ఇది చిన్న సంగతి కాదు. పలక పట్టిన మొదటి తరం ఆ బోధకులదే. వాళ్లు తిరిగి పల్లెకొచ్చి పగలు పిల్లలకి చదువు, రాత్రి పెద్దలకి వాక్యం చెప్పేవారు. ఇవాళ నాలాంటి టీచర్లు సంతకం పెట్టే హాజరు పట్టీకి వెనకాల ఆ పల్లె పంతుళ్లు ఉన్నారు.

డోర్నకల్లు సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. వి.ఎస్. అజరయ్య 1912లో అక్కడ బిషప్పయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో సభలో తెల్లవాళ్ల మొహం మీదే, మీ త్యాగాలకి దండాలు గానీ మాకు కావాల్సింది స్నేహం అనే అర్థం వచ్చేలా మాట్లాడిన మనిషి. పల్లె పంతుళ్ల తర్ఫీదుకి మొగుణ్ణీ పెళ్లాన్నీ కలిపి రమ్మన్నాడు. ఆమెకీ చదువు చెప్పించాడు. పల్లెలో ఆడవాళ్ల దగ్గరికి వెళ్లగలిగేది ఆమే అని ఆయనకి తెలుసు. డబ్బు విదేశాల నుంచి కాకుండా సంఘం లోంచే రావాలన్నాడు. అక్కడి ఆడవాళ్లు పూట పూటకీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వచ్చేది.

ఆ పిడికెడు బియ్యం మా అమ్మమ్మ దాకా వచ్చింది. ఇక్కడే నా విమర్శ మొదలవుతుంది.

అమ్మమ్మ చదువు అయిదో తరగతి. మిషను బడిలో బైబిలు తర్ఫీదు పొందింది. పెళ్లయి పోర్టు కలాసీల పేటకి వచ్చాక ముప్ఫై ఏళ్లకి పైగా బైబిల్ ఉమన్ పని చేసింది. పొద్దున్నే చంకలో సంచీ, అందులో బైబిలు, పాటల పుస్తకం, అమృతాంజనం సీసా. కంచరపాలెం నుంచి మల్కాపురం దాకా నడక. పురుడొస్తే ఆమె, శవం లేస్తే ఆమె, తాగొచ్చి కొట్టినవాడి గుమ్మంలో నిలబడి కేకలేసేది ఆమె. పాకీ పని చేసే రెల్లోళ్ల ఇళ్లకి మాలలు కూడా వెళ్లని రోజుల్లో వెళ్లి టీ తాగొచ్చేది. ఇదంతా పని కిందకి రాలేదు. మగ పాస్టరుకి జీతం, ఇల్లు, ఆదివారం కుర్చీ. ఈమెకి నెలకి కొంత 'సహాయం', దాని పైన సంఘం బియ్యంలో వాటా. సహాయం అనే మాటని గమనించండి. మగవాడికి ఇస్తే జీతం, ఆడదానికి ఇస్తే సహాయం. కొన్నాళ్లకి ఆ సహాయం ఆపేశారు. పైనుంచి డబ్బు రావడం లేదన్నారు. ఆమె పని ఆపలేదు. అడిగితే పెద్దలు, దేవుడి పనికి జీతమేటమ్మా అన్నారట. అమ్మమ్మ ఇంటికొచ్చి మా అమ్మతో అన్న మాట మా ఇంట్లో సామెతయింది: "కడుపుకి బాప్తీసం ఇచ్చినా ఆకలి సావదే గుంటా."

ఆమె పోయినప్పుడు సమాధి కార్యక్రమంలో అయ్యగారు గంటసేపు మాట్లాడారు. నమ్మకమైన దాసి అన్నారు. ఆ సంఘం వాళ్లే ఆ తర్వాత వేసిన జూబిలీ పుస్తకంలో పాస్టర్ల ఫొటోలు వరసగా ఉన్నాయి. బైబిల్ ఉమన్లు ఒక్క వాక్యంలో ఉన్నారు, పేర్లు లేకుండా. మేం అంటరాని వాళ్లమని ఊరివాళ్లు మా పేర్లు రాయలేదు. మరి చర్చి ఎందుకు రాయలేదు?

ఇప్పటి తర్ఫీదు దగ్గరికొద్దాం. ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై 1973లో హైదరాబాదు వెళ్లింది. సేరంపూరు డిగ్రీ చదవాలంటే అలాంటి చోటికి పోవాలి. అక్కడ దళిత వేదాంతం మీద చర్చ ఉంది, మంచి పుస్తకాలున్నాయి. కానీ బి.డి.లో చేరాలంటే ముందు కొంత చదువు పూర్తయి ఉండాలి. కొన్నేళ్లు ఇంట్లో సంపాదన లేకుండా గడవాలి. మా పేటల్లో సేవకి లేచే పిల్లల్లో ఎక్కువమంది పది తప్పినవాళ్లు, ఇంటర్ మధ్యలో ఆపినవాళ్లు, పెళ్లయిన ఆడవాళ్లు. వీళ్ల కోసం గాజువాక, పెదగంట్యాడ, కూర్మన్నపాలెం చుట్టూ అద్దె మేడల మీద మూణ్ణెల్ల బైబిలు ట్రైనింగులు, ఆర్నెల్ల ట్రైనింగులు వెలిశాయి. వాటిలో చిత్తశుద్ధితో నడిచేవీ ఉన్నాయి. నేను అందర్నీ ఒక గాటన కట్టడం లేదు.

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక పిల్ల అలాంటి ఒక ట్రైనింగుకి వెళ్లొచ్చింది. తన నోటుపుస్తకం నాకు చూపించింది. టీచర్ని కదా, నోటుపుస్తకం చూస్తే పాఠం ఎలా జరిగిందో తెలుస్తుంది. లోకాంతం బొమ్మలు, కాలాల పట్టికలు, ఇశ్రాయేలు రాజుల పేర్లు, ప్రసంగానికి మూడు ముక్కలు ఎలా చెయ్యాలి, మైకు ఎలా పట్టుకోవాలి. అన్నీ చక్కటి రాతలో ఉన్నాయి. పేటలో శవాన్ని పూడ్చనివ్వకపోతే ఎవరికి అర్జీ పెట్టాలో లేదు. మొగుడు కొడితే ఆడమనిషికి ఏ చట్టం ఉందో లేదు. తాగుడు గురించి నరకం ఉంది, వైద్యం లేదు. అన్నిటికంటే వింత, ఆ పుస్తకంలో కులం అనే మాటే లేదు. ఆ గదిలో కూచున్నవాళ్లంతా మాల, మాదిగ, రెల్లి పిల్లలే. "అక్కడ కులం గురించి ఏం చెప్పారే?" అంటే ఆ పిల్ల, "క్రీస్తులో కులం లేదన్నారు టీచర్" అంది. క్రీస్తులో లేదు, సరే. వాళ్లు సువార్త చెప్పబోయే వీధిలో లేదా? మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా ఎందుకు కూడుకుంటున్నాయి? రెల్లి పాస్టర్ని పెద్ద సంఘాలు ఆదివారం వాక్యానికి ఎన్నిసార్లు పిలిచాయి? ఈ ప్రశ్నకి జవాబు లేని తర్ఫీదు పిల్లల్ని ఖాళీ చేతులతో పంపుతుంది.

భాష సంగతి కూడా చెప్పాలి. ఆ పిల్ల మామూలుగా మా యాసలో కబుర్లు చెప్తే పేటంతా నవ్వుతుంది, ఏడుస్తుంది. ట్రైనింగు నుంచి వచ్చాక ప్రార్థన మొదలెడితే గొంతు మారిపోయింది. చేసెను, వచ్చెను, అనుగ్రహించుము. పండితుడి సాయంతో 1805లో మొదలైన తెలుగు ఇంకా మన నోళ్ల మీద కూచునే ఉంది. నా టీచరు ట్రైనింగులో మొదట నేర్పింది, పిల్ల ఇంటి భాష లోంచి పాఠంలోకి తీసుకురమ్మని. అభ్యాస పాఠాలు చెప్పించారు. వెనక బల్ల మీద కూచుని తప్పులు రాసుకుని తర్వాత దగ్గర కూచోబెట్టి చెప్పారు. సువార్త తర్ఫీదులో ఆ వెనక బల్ల ఏది? అమ్మమ్మ లాంటి ఒక ముసలామె వెంట ఏడాది పాటు గడప గడపా తిరగనిస్తే, ఏ మేడ గదిలోనూ దొరకని పాఠం దొరుకుతుంది. అలాంటి ముసలాళ్లు ఇంకా కొందరు బతికే ఉన్నారు. వాళ్లని గురువులుగా పిలిచిన ట్రైనింగు నేను చూడలేదు.

ఇక చట్టం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మద్రాసులో చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడు ఈ వివక్ష మీద సుప్రీంకోర్టుకి వెళ్లాడు. 1985లో ఓడిపోయాడు. మతం మారినా చేతిలో అదే ఆరె, అదే తోలు. 2023లో ఆంధ్ర అసెంబ్లీ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025లో మన రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్లు ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద రక్షణ అడగలేరంది. ఆ కేసులో ఫిర్యాదు చేసినవాడు ఒక పాస్టరు. నాది బి.సి.-సి సర్టిఫికెట్టు. ఒక శాతం కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని, ఈ లెక్క నాకు బాగా తెలుసు. సంఘంలో కూచున్న విశ్వాసి కాగితం మీద ఏం రాసుకున్నా గడుస్తుంది. పాస్టరు, సువార్తికురాలు దాచుకోలేరు. అందరికంటే ముందు కనపడేది వాళ్లే, దెబ్బ ముందు పడేది వాళ్ల మీదే, చట్టం వెనక్కి పోయేదీ వాళ్ల దగ్గరే. ఈ సంగతి చెప్పకుండా పద్దెనిమిదేళ్ల పిల్లని కరపత్రాల సంచీతో కొత్త ఊరికి పంపడం ఏం తర్ఫీదు?

ప్రభుత్వం కరోనా కాలంలో, 2020లో, పాస్టర్లకి ఒకసారి అయిదు వేలు ఇచ్చింది. తర్వాత నెలకి అయిదు వేల గౌరవ వేతనం అన్నది. పాస్టరు అన్నం తినాలి, వద్దనను. కానీ ఎమ్మార్వో ఆఫీసు ముందు కాగితాలతో నిలబడ్డ సేవకుడు రేపు అదే ఆఫీసు ముందు పేట తరఫున ధర్నాకి కూచోగలడా? కాగితాల్లో చర్చి పేరున ఉన్న మగ పాస్టరుకి దొరికే ఆ డబ్బు గడప గడపా తిరిగే ఆడమనిషికి దొరుకుతుందా? సేవకుణ్ణి పోషించాల్సింది సంఘమే. ఆ సంఘంలో నాలాంటి జీతగాళ్లం ఉన్నాం. పోర్టు, ఉక్కు, రైల్వే, బ్యాంకు జీతాల మీద మన దశమభాగాలు గోపురాలుగా లేస్తున్నాయి, సౌండు బాక్సులుగా మోగుతున్నాయి. 2021లో ఉక్కు ఫ్యాక్టరీ వాటాలు నూరు శాతం అమ్మేస్తామని కేంద్రం చెప్పిన దగ్గర్నుంచి కాంట్రాక్టు కార్మికుల ఇళ్లల్లో నిద్ర లేదు. వాళ్ల పని పోతే పేటలో కానుక పెట్టె ముందు ఖాళీ అవుతుంది, దాని వెనకే సువార్తికురాలి పొయ్యి ఆరుతుంది. పెద్ద చర్చి ఏసీకి మాత్రం కరెంటు ఉంటుంది.

ఉద్యమ మిత్రులతో కూడా ఒక మాట. మన కథల్లో, కవితల్లో పాస్టరు కనపడితే వెక్కిరింతకే కనపడతాడు, లేదా దొరల ఏజెంటుగా కనపడతాడు. జాషువా 1941లో గబ్బిలాన్ని శివుడి దగ్గరికి పంపాడు. తన పేదరికం చెప్పుకోడానికి అరుంధతీయుడికి గుడి తలుపు లేదు కనక. ఆ గుడిసె పక్కన తాటాకు చర్చి ఒకటి ఉంటుంది, అందులో అక్షరాలు దిద్దించినవాళ్లు ఉంటారు. వాళ్లని మన సాహిత్యం ఇంకా చూడాల్సి ఉంది. 1985లో కారంచేడు బాధితులు చీరాలకి, 1991లో చుండూరు బాధితులు తెనాలికి పరుగెత్తినప్పుడు చర్చి ఆవరణలే వాళ్లకి నీడయ్యాయి. సంఘాలు, పార్టీలు తర్వాత వచ్చాయి. ప్రతి పేటలో ప్రతి రాత్రీ పదిమందిని కూచోబెట్టి మాట్లాడే మనిషి ఎవరు? ఉద్యమ కార్యకర్త నెలకోసారి వస్తాడు. సువార్తికురాలు రోజూ ఉంటుంది. ఆమెకి ఏం నేర్పుతున్నారు అన్నది చర్చి గొడవ మాత్రమే అనుకుంటే మనం నష్టపోతాం.

కాబట్టి అడగాల్సినవి అడుగుదాం. తర్ఫీదు కనీసం ఏడాది ఉండాలి, అందులో సగం పేటలోనే జరగాలి. కులం, చట్టం, ఆరోగ్యం పాఠాలుగా ఉండాలి. సేవకురాలికి ఇచ్చేది జీతమని రాసివ్వాలి, ఆ జీతం మగవాడితో సమానంగా ఉండాలి. సంఘం లెక్క పుస్తకం ఆదివారం అందరి ముందూ చదవాలి. దశమభాగాల్లోంచి ముసలి సేవకుల కోసం ఒక నిధి పెట్టాలి. నాకు పాత పింఛను లేదు, సీపీఎస్ మీద రోడ్డెక్కి అరుస్తున్నాను. నా కోసం అరిచే నోటితో వాళ్ల కోసం కూడా అడగాలి. నా దగ్గర చదివిన ఆ పిల్ల ఇప్పుడు నెలకి మూడు వేలకి నాలుగు పేటలు తిరుగుతోంది. బస్సు ఛార్జీలు అందులోనే.

ఈ పుస్తకం చదివే విద్యార్థులకి ఒక పని చెప్తాను. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ పేటలో బైబిల్ ఉమన్‌గా, పల్లె పంతులుగా, ఉపదేశిగా పనిచేసినవాళ్లు ఎవరెవరో పెద్దల్ని అడగండి. పేరు, ఇంటిపేరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా, నెలకి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఆపారు, ఎక్కడ పూడ్చారు. ఒక కాగితం మీద రాసి, ఒక ప్రతి మీ సంఘం పెద్దలకివ్వండి. రెండో ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి.